స్కూల్లో బుద్ధిమంతుడు, ఇంటికి రాగానే కేకలు... మెదడులో రసాయనాలు తేడా చేశాయా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. నాలుగో ఏట ఆటిజం అని తేలింది. మాటలు బాగానే వస్తాయి, చదువూ ఫర్వాలేదు. స్కూల్లో ఎవరి జోలికీ పోడు, ‘ఇంత బుద్ధిమంతుణ్ని చూడలేదు’ అంటారు టీచర్లు. ఇంటికొచ్చిన పది నిమిషాలకే వేరే పిల్లాడైపోతాడు. మొన్న రోజూ తాగే గ్లాసు కడగలేదని ఇంకో గ్లాసులో నీళ్లిస్తే విసిరికొట్టాడు. అయిదేళ్ల చెల్లెల్ని తోసేస్తాడు. అరగంట, ముప్పావుగంట అరిచి, తర్వాత దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాడు. పిలిచినా పలకడు. రాత్రి పదకొండైనా నిద్రపోడు. విచిత్రం ఏంటంటే, తోటిపిల్లలతో బాగా ఆడుకుని నవ్వుతూ వచ్చిన రోజు కూడా ఇదే వరస. ఒక ల్యాబ్ వాళ్లు మూత్రంలో సెరొటోనిన్, డోపమిన్, లాలాజలంలో కార్టిసాల్ చూసి, ఏది తగ్గితే దానికి సప్లిమెంట్లు ఇస్తామంటున్నారు. ఆక్సిటోసిన్ ముక్కు స్ప్రే కొడితే నలుగురిలో కలుస్తాడని ఇంకొకరు చెప్పారు. మావారేమో రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు. ఏం చేయమంటారు?

జవాబు: ల్యాబ్ పరీక్షలు చేయించకండి. స్ప్రే వాడకండి. దెబ్బలు వద్దే వద్దు. ఈ మూడింటికీ కారణాలు చెబుతాం. అంతకన్నా ముందు మీరు ‘విచిత్రం’ అని రాసిన సంగతి చూద్దాం, అసలు కీలకం అక్కడే ఉంది. బాగా ఆడుకున్న రోజు కూడా ఇంటికొచ్చి ఇలా అయిపోతున్నాడంటే, బాబుకి నలుగురిలో ఉండటమే పెద్ద శ్రమ. ఇష్టపడి చేసినా శ్రమ శ్రమే.

ఒత్తిడికి శరీరం రెండు వేగాలతో స్పందిస్తుంది. మొదటిది సెకన్లలో వచ్చేది. ప్రమాదవేళ శరీరాన్ని సిద్ధం చేసే సింపథెటిక్ నాడులు పనిలోకి దిగుతాయి, అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. రెండోది నిదానంగా వచ్చేది. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడినుంచి మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళ్తుంది. అవి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును వదులుతాయి. ఒత్తిడి మొదలైన 20 నుంచి 30 నిమిషాల తర్వాత గానీ లాలాజలంలో కార్టిసాల్ గరిష్ఠానికి చేరదు. చేరాక కూడా వెంటనే దిగదు. రక్తంలో ఉన్న కార్టిసాల్ సగానికి తగ్గడానికే గంట నుంచి గంటన్నర పడుతుంది.

ఈ అంకెల్ని మీ బాబు సాయంత్రానికి అన్వయించి చూడండి. చివరి గంట కొట్టగానే మెట్ల మీద తోపులాట, గేటు దగ్గర అరుపులు, వ్యానులో పక్కపిల్లాడి మోచెయ్యి, హారన్లు. అక్కణ్నుంచి ఇల్లు ఇరవై నిమిషాలో అరగంటో ఉంటుంది. అంటే మీరు తలుపు తీసే సమయానికి తన ఒంట్లో కార్టిసాల్ దాదాపు పతాకస్థాయిలో ఉండే అవకాశం ఉంది. సరిగ్గా అప్పుడే మనం ‘ఇవాళ ఏం చెప్పారు, టిఫిన్ బాక్సు ఖాళీ చేశావా, బూట్లు అక్కడ కాదు, చెల్లితో మాట్లాడవేం’ అని మొదలుపెడతాం. గ్లాసు మారడం ఆ వరసలో చివరిది, అంతే. ఇలా ఒత్తిడి హద్దు దాటి అదుపు తప్పి పేలిపోవడాన్ని మెల్ట్‌డౌన్ అంటారు. దానికి కార్టిసాల్ ఒక్కటే కారణమని అనడం లేదు. శబ్దం, ఆకలి, దాహం, ఆపుకున్న మూత్రం, రోజంతా ముఖకవళికలు చదివిన అలసట, అన్నీ కలిసి పనిచేస్తాయి. కానీ ఆ గంటలో బాబు శరీరం ఇంకా స్కూల్లోనే ఉందనుకుంటే మీరు చేయాల్సినవి వాటంతటవే తడతాయి.

‘బాగా ఆడుకున్న రోజు కూడా’ అన్నారు కదా, దాన్ని సూటిగా పరీక్షించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలో బ్లైత్ కార్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 8 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని ఆటస్థలంలో సుమారు 20 నిమిషాలు తోటిపిల్లలతో ఆడుకోనిచ్చి, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ కొలిచింది. ఫలితాలు 2010లో వచ్చాయి. అక్కడ ఏడిపించేవాళ్లు లేరు, పరీక్షలు లేవు, మామూలు స్నేహపూర్వకమైన ఆట. అయినా ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో కార్టిసాల్ గణనీయంగా పెరిగింది. వయసు ఎక్కువ ఉన్న పిల్లల్లో, ఆట గుంపుకి అంచున ఉండిపోయే పిల్లల్లో ఈ పెరుగుదల స్పష్టంగా కనిపించింది. చిన్నప్పుడు పక్కవాళ్లని పట్టించుకోకుండా తన లోకంలో ఉండే పిల్లాడికి ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి తాను వేరుగా ఉన్నానని తెలియడం మొదలవుతుంది. ఆటల్లో రాతలేని నియమాలూ అప్పుడే పెరుగుతాయి. ‘ఇంత పెద్దవాడయ్యాడు, ఇప్పుడు ఇంకా ఎక్కువ చేస్తున్నాడేంటి’ అని చాలామంది తల్లిదండ్రులు బాధపడేది సరిగ్గా ఈ వయసులోనే.

దీనికి తిరగబడ్డ ఫలితం కూడా ఉంది. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో తయారైన ఒక పరీక్షలో, ముక్కూమొహం తెలియని పెద్దల ముందు నిలబడి ప్రసంగం చేయాలి, నోటిలెక్కలు చెప్పాలి. మామూలుగా ఎవరికైనా కార్టిసాల్ ఎగబాకే పరీక్ష ఇది. ఆటిజం ఉన్న పిల్లల మీద జరిపిన పలు అధ్యయనాల్లో కార్టిసాల్ అంతగా పెరగలేదు. ‘నన్ను అంచనా వేస్తున్నారు’ అన్న భయం వీళ్లకి అదే తీరులో తగలకపోవడం ఒక కారణం కావచ్చు. మీకు దీనివల్ల తెలిసేదేంటంటే, మనకి గుండె దడ పుట్టించే స్కూలు వార్షికోత్సవం స్టేజీ తనకి పెద్దగా అనిపించకపోవచ్చు, మనకి విశ్రాంతిలా కనిపించే ఇంటర్వెల్ తనకి రోజులో అన్నిటికన్నా కష్టమైన పీరియడ్ కావచ్చు. కాబట్టి ఒత్తిడి ఎక్కడుందో మన మనసుతో ఊహించి తేల్చలేం, వెతికి చూడాల్సిందే.

ఇక ల్యాబ్ వాళ్ల సంగతి. సెరొటోనిన్, డోపమిన్ మెదడులో నాడీకణాల మధ్య కబుర్లు మోసే రసాయనాలు. మూత్రంలో దొరికే డోపమిన్‌లో చాలా భాగం మూత్రపిండాల్లోనే తయారవుతుంది. శరీరంలోని సెరొటోనిన్‌లో 90 శాతం దాకా పేగుల్లో ఉంటుంది. ఈ రెండూ రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడని దాటి అటూ ఇటూ తిరగవు. అందువల్ల మూత్రంలో అంకె చూసి మెదడులో ఎంతుందో చెప్పడం కుదరదు. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు నాలుగో వంతు మందికి రక్తంలో సెరొటోనిన్ ఎక్కువగా ఉంటుందని 1961 నుంచీ తెలుసు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె ఆధారంగా ఒక్క చికిత్సా నిలబడలేదు. రక్తంలో ఎక్కువ ఉంది గనక మెదడులోనూ ఎక్కువ ఉందనీ అనలేం, తక్కువ ఉందనీ అనలేం.

కార్టిసాల్ పరీక్ష దానికంటే నయమే గానీ మీకు పనికిరాదు. కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. నిద్ర లేచిన 30 నుంచి 45 నిమిషాల్లో గరిష్ఠానికి చేరి, పగలంతా తగ్గుతూ వచ్చి, అర్ధరాత్రి ప్రాంతంలో అడుగంటుతుంది. పొద్దున ఏడింటికి తీసిన నమూనాకి, తొమ్మిదింటికి తీసినదానికి పోలికే ఉండదు. పంటి చిగుళ్లలో రక్తం వచ్చినా, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నా, ముందురోజు నిద్ర చెడినా అంకె మారుతుంది. పరిశోధకులు రోజుకి నాలుగైదు నమూనాలు, అదీ రెండు మూడు రోజులు వరసగా తీసి సరాసరి చూసేది అందుకే. పైగా ఆటిజం ఉన్న పిల్లల్లో ఒకరోజుకీ ఇంకోరోజుకీ తేడా ఎక్కువని, కొందరిలో సాయంత్రం కార్టిసాల్ తగ్గాల్సినంత తగ్గడం లేదని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక్క నమూనాతో ‘ఎక్కువుంది, ఈ డబ్బా వాడండి’ అనేవాళ్లు అమ్మేది డబ్బానే. ఇదే దారిలో ‘ఒంట్లో భారలోహాలున్నాయి, కీలేషన్ చేస్తాం’ (అంటే మందులిచ్చి ఆ లోహాల్ని బయటికి పంపిస్తాం) అనే ప్రతిపాదన కూడా వస్తుంది. ఆ చికిత్సతో రక్తంలో కాల్షియం పడిపోయి 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల బాబు చనిపోయాడు. ఆ మాట వినబడగానే లేచి వచ్చేయండి.

మనుషుల మధ్య అనుబంధానికి తోడ్పడుతుందని పేరున్న ఆక్సిటోసిన్ హార్మోను మీద చాలా ఏళ్లు ఆశలు నడిచాయి. చివరికి 3 నుంచి 17 ఏళ్ల వయసున్న 290 మంది పిల్లలకు 24 వారాలు స్ప్రే ఇచ్చి చూశారు. సగంమందికి మందు, సగంమందికి మందు లేని స్ప్రే. 2021లో వచ్చిన ఫలితం: నలుగురితో కలిసే విషయంలో రెండు గుంపులకీ తేడా లేదు. వాసోప్రెసిన్ అనే దాని దగ్గరి బంధువు మీద చిన్న అధ్యయనంలో కాస్త మెరుగుదల కనిపించినా, అది ఇంకా పరిశోధన గది దాటి రాలేదు. సెరొటోనిన్ మీద పనిచేసే డిప్రెషన్ మందు సిటలోప్రామ్‌ని 2009లో 149 మంది పిల్లల మీద పరీక్షిస్తే, చేసిందే చేసే అలవాట్లు తగ్గలేదు సరికదా నిద్రలేమి, దుడుకుతనం పెరిగాయి. ఒంట్లో నీరు తగ్గించడానికి వాడే బ్యుమెటనైడ్ అనే మందుని ఆటిజానికి వాడి చూసిన పెద్ద పరీక్షలు ఫలితం లేక 2021లో ఆగిపోయాయి. ఇవన్నీ ఏకరువు పెట్టడం మిమ్మల్ని నిరాశపరచడానికి కాదు. ‘ఏదో ఒక రసాయనం తక్కువైంది, పోస్తే సరిపోతుంది’ అన్న లెక్కని పెద్దపెద్ద బృందాలే పరీక్షించి, కుదరక వదిలేశాయని మీకు తెలిస్తే డబ్బూ కాలమూ మిగులుతాయి.

మరి మీ చేతిలో ఉన్నదేంటి? ఇంటికొచ్చాక మొదటి గంటన్నర. ముందు దాన్ని మార్చండి.

తలుపు దగ్గర పలకరింపు రోజూ ఒకే వాక్యం ఉండాలి. ‘వచ్చావా, నీళ్లు బల్ల మీద ఉన్నాయి’ చాలు. జవాబు ఆశించకండి. అరగంటపాటు ఒక్క ప్రశ్న కూడా వేయకండి, ప్రేమగా అడిగేది సైతం. నీళ్లు తనకి నచ్చిన గ్లాసులోనే, తను ఎప్పుడూ తినేదే తినడానికి, రెండూ తను రాకముందే బల్ల మీద ఉండాలి. ఆ గ్లాసు లాంటివి ఇంకో రెండు తెచ్చిపెట్టుకుంటే ‘కడగలేదు’ అన్న సమస్యే రాదు. దీన్ని గారాబం అనుకోవద్దు. సర్దుకుపోవడం నేర్పాలంటే ఆదివారం పొద్దున నేర్పండి, ఈ గంటలో కాదు. చాలామంది పిల్లలు స్కూలు బాత్రూముకి వెళ్లరు, అక్కడి వాసనకీ శబ్దానికీ భయపడి ఆపుకుంటారు. కాబట్టి రాగానే నేరుగా బాత్రూముకి వెళ్లే అలవాటు చేయండి, చెప్పి కాదు, గోడ మీద బొమ్మ అతికించి.

గదిలో ట్యూబులైటు ఆపేసి చిన్న దీపం ఉంచండి. టీవీ, మిక్సీ, ఫోను స్పీకరు ఆ అరగంట బంద్. తర్వాత పది పదిహేను నిమిషాలు ఒంటికి బరువు తెలిసే పని ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది: ఉయ్యాల, మెట్లెక్కి దిగడం, దిండ్ల మధ్య ఒత్తుకుని పడుకోవడం. కొందరికి కదలికే నచ్చదు, దుప్పటి ముసుగే కావాలి. మీ బాబు అరిచాక దుప్పట్లో దూరుతున్నాడంటే, అరవకముందే దాన్ని అందుబాటులో ఉంచండి అని అర్థం. బరువు దుప్పట్లు కొనాలనుకుంటే పిల్లాడి బరువులో పదో వంతు మించకూడదు, తనంతట తాను తీసేయగలగాలి, ముఖం మీదకి రాకూడదు. నిద్ర కోసమైతే కొనకండి. 2014లో వచ్చిన ఒక పరీక్షలో అవి నిద్రని పెంచలేదు, పిల్లలకీ తల్లిదండ్రులకీ నచ్చాయి అంతే.

ఫోనో టాబో చూడనివ్వాలా అని అడుగుతారు. వందసార్లు చూసిన వీడియోనే మళ్లీ చూస్తే ఫర్వాలేదు, తర్వాత ఏం వస్తుందో తెలిసింది మెదడుకి విశ్రాంతే. ఓడిపోయే ఆటలు మాత్రం ఈ వేళ వద్దు. హోంవర్కు గంటన్నర తర్వాతే. చెల్లెలు ఆ మొదటి అరగంట వేరే గదిలో, మీతోనో ఇంకొకరితోనో ఉండాలి. ఇది ఆ చిన్నదానికి శిక్షలా అనిపించకుండా, ఆ వేళకి తనకంటూ ఏదైనా ఇష్టమైన పని పెట్టండి.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. మూడు రోజులు బాగా జరగ్గానే ‘ఇవాళ బానే ఉన్నాడు కదా’ అని దారిలో ఆపి బంధువులింటికో అంగడికో తీసుకెళ్తారు. నాలుగో రోజు మళ్లీ మొదటికొస్తుంది. కనీసం మూడు వారాలు మినహాయింపు లేకుండా నడపండి. ఇంకో పొరపాటు, ‘నువ్వు బుద్ధిగా ఉంటేనే ఆ గది’ అని దాన్ని బహుమతి చేయడం. కాలు విరిగిన పిల్లాడికి బాగా నడిస్తేనే కర్ర ఇస్తానన్నట్టు ఉంటుంది అది.

ఇంత చేసినా ఏదో ఒకరోజు మెల్ట్‌డౌన్ వస్తుంది. అప్పుడు చెల్లెల్ని పక్కకి తీసుకెళ్లడం మొదటి పని, విసరడానికి వీలైన గట్టి వస్తువులు తీసేయడం రెండోది. మీరు రెండు మూడడుగుల దూరంలో, తనకంటే ఎత్తుగా నిలబడకుండా, కాస్త పక్కకి తిరిగి కూర్చోండి. మాటలు నాలుగైదుకి మించొద్దు: ‘నేనిక్కడే ఉన్నా.’ ప్రశ్నలు, హెచ్చరికలు, లెక్కపెట్టడాలు ఏవీ వద్దు. తనకో ఇంకొకరికో దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే తప్ప పట్టుకోవద్దు. ఒత్తిడి తారస్థాయిలో ఉన్నప్పుడు మెదడు ముందుభాగం, అంటే ఆలోచించి ఆగే భాగం, సరిగ్గా పనిచేయదు. ఆ సమయంలో చెప్పిన నీతి లోపలికి వెళ్లదు. అరుపులు ఆగాక కూడా వెంటనే ‘సారీ చెప్పు’ అనకండి. ఆగినట్టు కనిపించినా లోపల ఇంకా దిగలేదు, రెండో విడత మొదలయ్యేది అక్కడే. దుప్పటిలో పడుకున్న ఆ గంటని అలకగా తీసుకోవద్దు. అది శరీరం మూతపడటం. పలకకపోతే నీళ్లు పక్కన పెట్టి వచ్చేయండి.

మీవారి మాటలో ఒక న్యాయం ఉంది. చెల్లెల్ని తోయడం ఒప్పుకోకూడదు, ఆ హద్దు ఉండాలి. పద్ధతే తప్పు. కొట్టడం, గద్దించడం ఒత్తిడికి ఇంకో ఒత్తిడి కలుపుతాయి. ‘నా కళ్లలోకి చూసి చెప్పు’ అనేది ముఖ్యంగా మానాలి. 2005లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెదడు స్కానింగ్ చేసి చూసినప్పుడు, ఆటిజం ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల కళ్లని ఎంతసేపు చూస్తే ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అంత ఎక్కువగా ఉత్తేజితమైంది. చూపు తిప్పుకోవడం పొగరు కాదు, భారం దించుకోవడం. హద్దు గురించి మాట్లాడేది మర్నాడు, కడుపునిండా తిని స్థిమితంగా ఉన్నప్పుడు: ‘కోపం రావచ్చు. చెల్లిని తోయకూడదు. తోయాలనిపిస్తే ఈ దిండుని తొయ్యి.’ మూడు బొమ్మలు గీసి చూపిస్తే ఇంకా మేలు. విసిరిన వస్తువులు అప్పుడు ఇద్దరూ కలిసి తీయండి. కాస్త ఆలస్యమైనా బాధ్యత నేర్పినట్టే.

‘నీకెలా ఉంది’ అని అడిగితే ‘తెలీదు’ అంటాడేమో. దాచడం కాదది. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి తమ భావాన్ని గుర్తించి పేరు పెట్టడం కష్టం, దీన్నే అలెక్సిథైమియా అంటారు. కోపమా, భయమా అని అడిగేకంటే ఒంటి గుర్తులు చూడండి: చెవులు ఎర్రబడటం, పిడికిలి బిగియడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, మాటలు పొట్టివైపోవడం, మునివేళ్ల మీద నడవడం. ప్రతి పిల్లాడికీ తన వరస ఉంటుంది. మొదటి గుర్తుకీ పేలడానికీ మధ్య ఎన్ని నిమిషాలో తెలిస్తే మీకు పట్టుకోను ఏదో దొరికినట్టే.

దానికోసం ఒక నోట్‌బుక్ పెట్టి రెండు వారాలు రాయండి. ఇంటికొచ్చిన వేళ, ఆ రోజు స్కూల్లో మామూలుకి భిన్నంగా ఏం జరిగింది, మధ్యాహ్నం ఎంత తిన్నాడు, విరేచనం అయిందా, ముందురాత్రి ఎప్పుడు పడుకున్నాడు, మొదటి గుర్తు ఏది, ఎన్నింటికి, ఎంతసేపు సాగింది. రోజుకి రెండు నిమిషాల పని. సెలవు రోజులు కూడా రాయాలి, అసలు కథ అక్కడే తెలుస్తుంది. ఆదివారాలు ప్రశాంతంగా ఉంటే బరువంతా స్కూలుదే. ఆదివారాలూ ఇంతే అయితే నొప్పో, నిద్రో, ఇంట్లో శబ్దమో వెతకాలి. ఆటల పీరియడ్ ఉన్న రోజులే చెడుతుంటే టీచరుతో ఏం మాట్లాడాలో మీ చేతిలో ఉన్నట్టే.

టీచర్ని కలిసినప్పుడు ‘స్కూల్లో బానే ఉంటాడమ్మా’ అనే మాట వినబడుతుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తోటివాళ్లని చూసి అనుకరిస్తూ, చేతులు ఊపడం లాంటివి అణుచుకుంటూ రోజంతా నెట్టుకొచ్చే పిల్లలుంటారు. అది బయటికి బుద్ధిమంతుడిలానే కనిపిస్తుంది. మీరు అడగాల్సినవి నిర్దిష్టంగా ఉండాలి. ఇంటర్వెల్‌లో ఎక్కడుంటాడు, ఎవరితో? ఆటలోకి తనే వెళ్తాడా, అంచున నిలబడతాడా? మధ్యాహ్నం బాక్సులో ఎంత మిగులుతోంది? బాత్రూముకి వెళ్తున్నాడా? ఎవరైనా ఏడిపిస్తున్నారా? ఈ చివరిది తప్పకుండా అడగండి, ఆటిజం ఉన్న పిల్లలు వేధింపులకి తొందరగా గురవుతారు, ఇంట్లో చెప్పలేరు.

కోరాల్సినవి కూడా చిన్నవే. ఇంటర్వెల్‌లో సగం సమయం లైబ్రరీలోనో ఖాళీ గదిలోనో గడిపే వీలు. మిగతా సగంలో ఒకరిద్దరు పిల్లలతో, నియమాలు ముందే తెలిసిన ఒక ఆట, దాన్ని మొదలుపెట్టించే ఒక పెద్ద మనిషి. గుంపులోకి వదిలేసి ‘వెళ్లి ఆడుకో’ అనడం కంటే ఇది చాలా మేలు. సాయంత్రం అందరికంటే అయిదు నిమిషాలు ముందు తరగతి వదలడం, వ్యానులో ముందు సీటు, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు. మార్పులుంటే పొద్దున్నే చెప్పడం. ‘బ్రేక్ కార్డు’ ఇచ్చే స్కూళ్లున్నాయి, కావాలనుకున్నప్పుడు చూపించి బయటికెళ్లొచ్చు. చాలాచోట్ల అది పనిచేయదు, ఎందుకంటే బాగా ఒత్తిడిలో ఉన్న పిల్లాడు కార్డు తీసి చూపించే స్థితిలో ఉండడు, పైగా అందరూ చూస్తారని సిగ్గు. అడిగినప్పుడు ఇచ్చేదానికంటే, రోజుకి రెండు మూడుసార్లు గంట ప్రకారం అయిదు నిమిషాల విరామం ఇచ్చేయడమే నమ్మకమైన పద్ధతి. పుస్తకాలు పక్క గదిలో ఇచ్చిరమ్మని పంపినా చాలు.

నిద్ర సంగతి ఆఖరున చెబుతున్నా అది చిన్నది కాదు. ఈ వయసుకి 9 నుంచి 12 గంటలు కావాలి. పదకొండు దాటి పడుకుని పొద్దున్నే లేచే పిల్లాడు మర్నాడు ఒత్తిడిని తట్టుకునే శక్తి లేకుండానే స్కూలుకి వెళ్తాడు. లేచే సమయాన్ని ముందు స్థిరం చేయండి, సెలవుల్లో కూడా అరగంటకి మించి తేడా రాకుండా. పడుకునే గంట ముందు వెలుతురు తగ్గించి, తెరలు ఆపేయండి. గురక, నోటితో గాలి పీల్చడం, రాత్రంతా కాళ్లు కదపడం ఉంటే డాక్టరుకి చెప్పండి. కాళ్ల కదలికకి ఐరన్ నిల్వలు, అంటే ఫెర్రిటిన్, చూపించడం ఉపయోగం. ఈ రక్తపరీక్షకి అర్థం ఉంది. ఇవన్నీ నాలుగు వారాలు చేసినా నిద్ర రాకపోతే మెలటోనిన్ గురించి పిల్లల డాక్టర్ని అడగొచ్చు. మామూలుగా పడుకోవడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు 1 నుంచి 3 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మీ అంతట మీరు కొనకండి. 2017లో కెనడాలో సప్లిమెంట్లుగా అమ్మే మెలటోనిన్ పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతనే లేదు, ఒకదాంట్లో అయితే నాలుగైదు రెట్లు ఎక్కువుంది.

మిగతా మందుల విషయానికొస్తే, ఆటిజంలో తీవ్రమైన చిరాకు, దాడి చేయడం వంటివాటికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించినవి రెండే: రిస్పెరిడోన్ 2006లో, అరిపిప్రజోల్ 2009లో. అవి పనిచేస్తాయి, బరువునీ పెంచుతాయి, మగతా తెస్తాయి. మీరు రాసినదాన్నిబట్టి ఇంకా అక్కడిదాకా వెళ్లాల్సిన పని కనిపించడం లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో సుమారు 40 శాతం మందికి ఏదో ఒక రకం ఆందోళన రుగ్మత కూడా ఉంటుంది. అది ఉందేమో చూపించుకోండి. బొమ్మలతో, తల్లిదండ్రుల్ని కలుపుకుని ఆటిజానికి తగ్గట్టు మార్చిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే చికిత్స) ఆందోళనని తగ్గిస్తుంది, మాటలొచ్చిన మీ బాబు వయసుకి అది సరిపోతుంది.

కొన్నిటికి మాత్రం రెండు వారాల నోట్‌బుక్ కోసం ఆగొద్దు. అరవబోయే ముందు చూపు ఒకచోట నిలిచిపోయి పిలుపుకి స్పందించకపోవడం, ఒకవైపు చెయ్యో ముఖమో అదరడం, వచ్చిన మాటలూ పనులూ మరిచిపోతుండటం, తలని గోడకి కొట్టుకోవడం, ‘నేను లేకపోతే బావుండు’ లాంటి మాటలు, స్కూలు పేరెత్తితే వాంతులు. వీటిలో ఏదున్నా ఆ వారంలోనే డాక్టర్ని కలవండి. ఏమీ లేకపోయినా మలబద్ధకం, పంటినొప్పి, చెవినొప్పి ఒకసారి చూపించేయండి, నొప్పిని నొప్పి అని చెప్పలేని పిల్లల్లో అవి కోపంగా బయటపడతాయి. వెళ్లేటప్పుడు నోట్‌బుక్, టీచరు జవాబులు రాసిచ్చిన కాగితం, దుప్పట్లో పడుకుని పలకని సమయంలో దూరం నుంచి ఫోనులో తీసిన ఒకటి రెండు నిమిషాల వీడియో పట్టుకెళ్లండి. అది అలసటో, మూర్ఛో తేల్చడానికి డాక్టరుకి మీ వర్ణన కంటే ఆ వీడియో ఎక్కువ సాయపడుతుంది.